మూడు ఉత్తరాలు, తొమ్మిది రోజులు

వకీలు ఆఫీసు నుంచి ఉత్తరం అందుకున్నవాళ్లు మీలో ఎందరున్నారో నాకు తెలియదు. నాకు మూడు అందాయి. మూడింటిలో ఒక్కటి కూడా నా పేరున రాసింది కాదు. అయినా ఆ రెండు నెలల పైచిలుకు నేను పడ్డ భయం ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంకెప్పుడూ పడలేదు. గల్ఫుకి కొత్తగా వెళ్లే పిల్లలు వచ్చి "ఏదైనా ఒక మాట చెప్పండి బాబాయ్" అంటే నేను ఎండ గురించి చెప్పను, ఈ సంగతి చెబుతాను. ఇందులో నేను మంచివాడిగా కనబడను. అందుకే ఎవరి పేర్లూ రాయడం లేదు, నాది కూడా.

తొంభైల నడిమి రోజులు. బహ్రెయిన్‌లో సిత్రా దీవి మీద ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను టైపిస్టుని. చమురు ట్యాంకులకు తుప్పు గీకి రంగులు వేయడం మా కంపెనీ పని. క్యాంపు గేటు పక్కనే రేకుల గది, అదే ఆఫీసు. లోపలి గదిలో మేనేజరు, బయటి గదిలో నేను. మనుషుల హాజరు, ఓవర్‌టైం లెక్క, వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. కోనసీమలో టైపు హయ్యరు ప్యాసైనవాడికి అది రాజాలాంటి ఉద్యోగం. ఎండలో ట్యాంకుల మీద వేలాడేవాళ్లను కిటికీలోంచి చూస్తూ, ఏసీలో కూర్చున్నందుకు రోజుకొకసారి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆ కుర్చీ పోతుందేమోనన్న భయం కూడా రోజూ ఉండేది.

కంపెనీ మినీబస్సు నడిపే డ్రైవరు నిజామాబాద్ వైపు ఒక చిన్న టౌను నుంచి వచ్చిన ముస్లిం. ఇంచుమించు నా వయసువాడు. వాళ్ల అన్న లారీ డ్రైవరు. తండ్రి లేని ఇంట్లో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నాగపూర్ రోడ్డు మీద స్టీరింగు చేతికిచ్చి పని నేర్పిన మనిషి. ఆ అన్న ఊసు రాని రోజు ఉండేది కాదు. శుక్రవారాలు సెలవు కాబట్టి నన్ను మనామా తీసుకెళ్లి కూరగాయలు కొనిపించి తెచ్చేవాడు. నేను ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి పెట్టేవాణ్ణి. నన్ను సాబ్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి.

మొదటి ఉత్తరం ఒక మధ్యాహ్నం వచ్చింది. మందమైన కాగితం, పైన అరబిక్, కింద ఇంగ్లీషు. తెచ్చినవాడు పుస్తకంలో నా చేత సంతకం పెట్టించుకున్నాడు. విప్పి చూస్తే సారాంశం ఇది. సల్మానియా ఆసుపత్రి దగ్గర ఒక కట్టడం పక్కనున్న ప్రైవేటు పార్కింగ్ స్థలంలో మా కంపెనీ బండి అనుమతి లేకుండా నిలబెట్టారు. దానికి రుసుము, ఆలస్యానికి అదనపు రుసుము కట్టాలి. డ్రైవరు ఎవరో కూడా తెలపాలి. ఆ స్థలం యజమానుల తరఫున రాస్తున్నవారు మనామాలోని ఒక వకీలు.

డ్రైవరు అప్పుడే డీజిల్ చీటీ కోసం లోపలికొచ్చాడు.

"భాయ్, సల్మానియా దగ్గర ఎక్కడైనా బండి పెట్టావా?" అన్నాను.

అతని ముఖం పాలిపోయింది. "పెట్టిన సాబ్. గా దినం... మనోని చెయ్యి చైన్ల పడి నలిగింది సూడుండ్రి, గా దినం. దవాఖాన ముంగట జాగ లేకుండె. మనిషికి నెత్తురు కారుతున్నది. పక్కకున్న ఖాళీ జాగల పెట్టిన. వాచ్‌మన్ ఒర్లుతనే ఉండె. నేను ఇనలే."

అతను ఒప్పేసుకున్నాడు. ఇక ఉత్తరంలో మిగతాదంతా చదవాల్సిన అవసరం నాకు కనబడలేదు. టైపిస్టుని కదా, కామా ఎక్కడుందో చూసేవాణ్ణి. ఆ రోజు మాత్రం చూడలేదు.

"మేనేజరుకు చెప్పకుండ్రి సాబ్," అన్నాడు నెమ్మదిగా. "జర మీ కాడనే పెట్టుండ్రి. నేను తనఖా రాంగనే కట్టేస్త." తనఖా అంటే అతని మాటలో జీతం.

అతని భయానికి కారణం ఉంది. అంతకు కొద్ది నెలల ముందే మేనేజరు ఒక డ్రైవర్ని పిలిచి "ఖలాస్, నీకు ఎగ్జిట్" అని రెండు ముక్కల్లో ఇంటికి పంపేశాడు. బండి తాలూకు గొడవని మాత్రమే మాకు తెలుసు. మేనేజరు లెబనాన్ మనిషి, నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన గదిలోకి వెళ్లేటప్పుడు నేను కూడా చొక్కా గుండీలు చూసుకునేవాణ్ణి. నా బల్లకు కింద ఒక సొరుగు ఉండేది. ఉత్తరం అందులో పెట్టి తాళం వేశాను.

అంతే. నేను చేసిన తప్పు చేసేటప్పుడు తప్పులా లేదు. స్నేహంలా ఉంది.

మూడు వారాలకు రెండో ఉత్తరం వచ్చింది. మొత్తం పెరిగింది. "మా మొదటి లేఖకు మీరు స్పందించకపోవడాన్ని మేము గమనించాము" అని ఉంది అందులో. గమనించాము అన్న ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. ఎవరో ఎక్కడో ఒక పెద్ద బల్ల వెనక కూర్చుని నన్ను గమనిస్తున్నట్టే అనిపించింది. పుస్తకంలో సంతకం నాది. ఇప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్తే "మొదటిదేదీ?" అంటాడు. అప్పటికే అది డ్రైవరు తప్పు కాదు, నా తప్పు. రెండోది కూడా సొరుగులోకి వెళ్లింది.

ఒకరోజు మేనేజరు కాగితాలు గుచ్చే పిన్ను కోసం నా బల్ల దగ్గరికొచ్చి, వంగి, సరిగ్గా ఆ సొరుగు లాగాడు. రాలేదు.

"తాళం?"

"పోయింది సార్. వెతుకుతున్నాను," అన్నాను. తాళంచెవి నా ప్యాంటు జేబులోనే ఉంది. తొడకు గుచ్చుకుంటోంది.

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, "కొత్తది చేయించు," అని వెళ్లిపోయాడు. ఆ పూట నేను టైపు చేసిన హాజరు పట్టీలో ఏడు తప్పులు దొర్లాయి. అప్పటినుంచి ఫోను మోగితే మూడో గంటదాకా ఎత్తేవాణ్ణి కాదు. గేటు ముందు నుంచి పోలీసు జీపు పోతుంటే కనుమరుగయ్యేదాకా వేళ్లు మిషను మీద ఆగిపోయేవి. ఈ సంగతి ఎవర్నైనా అడుగుదామంటే, అడిగినవాడు ఇంకొకడికి చెబుతాడని భయం. మెస్సులో అన్నం తింటూ డ్రైవరూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం కూడా మానేశాం.

అతను జీతం రాగానే కడతానన్నాడు, నిజమే. కానీ ఎక్కడ కట్టాలి, ఎవరి పేరున కట్టాలి, కడితే కంపెనీ పేర రసీదు వస్తుందేమో, అది మళ్లీ ఆఫీసుకే పోస్టులో వస్తుందేమో... ఇలా నేనే అడ్డంకులు వెతికాను. భయపడ్డవాడి బుర్ర చురుగ్గా పని చేస్తుంది. కాకపోతే దారులు మూయడానికే పని చేస్తుంది.

మూడోది ఎర్ర ముద్రతో వచ్చింది. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం. ఏడు రోజుల్లోగా చెల్లించని పక్షంలో కోర్టులో దావా వేయడానికి, బాధ్యుడైన వ్యక్తి దేశం విడిచి వెళ్లకుండా నిషేధం కోరడానికి తమ క్లయింటుకు హక్కు ఉంటుందని. కోరడానికి హక్కు ఉంటుంది అన్నారు. కోరాము అనలేదు. ఆ తేడా మిగతా ప్రపంచానికి తెలియకపోయినా టైపిస్టుకి తెలియాలి. నేను మాత్రం విమానాశ్రయంలో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషినీ, ఆ తెర మీద మా డ్రైవరు పేరునూ చూసేశాను.

అది వచ్చిన మూడో రోజున ఆఫీసు ఫోను మోగింది. ఇండియా నుంచి. ఎస్టీడీ బూత్ గోల మధ్య ఒక ఆడమనిషి గొంతు. డ్రైవరు వదినె.

"మా మరిదికి జెప్పుండ్రి సాబ్. లారీ పల్టీ కొట్టింది. ఆయన కాలు నుజ్జయింది. పాదం తీసెయ్యాలంటుండ్రు డాక్టర్లు. ఈయనేమో తమ్ముడొచ్చిందాక తియ్యనియ్య అంటుండు. జల్ది రమ్మని జెప్పుండ్రి, మీకు దండం బెడ్త."

నేను పరిగెత్తుకెళ్లి షెడ్డు దగ్గరున్న అతనికి చెప్పాను. టైరు గాలి చూస్తున్నవాడు అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"పోవచ్చా సాబ్? ఎయిర్‌పోర్టుల ఏమన్న అంటరా?"

ఆ ప్రశ్న అతను నన్నడిగాడు. ఆ క్యాంపులో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనే. నా మాటే అతనికి చట్టం.

అతను ఎయిర్‌పోర్టులో దొరికితే ఏమవుతుంది? కంపెనీకి ఫోను వస్తుంది. మేనేజరు ఉత్తరాలేవీ అంటాడు. సొరుగు తెరుచుకుంటుంది. ఇదంతా నా కళ్ల ముందు ఒక్క లిప్తలో తిరిగింది.

"ఇప్పుడొద్దు భాయ్," అన్నాను. "ఆపేస్తారు. లోపలేశారంటే మీ అన్నకీ కాకుండా పోతావు, మీ ఇంటికీ కాకుండా పోతావు. కొన్నాళ్లు ఆగు. ఆపరేషను చేయించుకోమని మీ అన్నకి చెప్పు."

అతను అలాగే చెప్పాడు. రోజు విడిచి రోజు ఫోను చేశాడు. అన్న వినలేదు. "వాడొచ్చి జూసి సరే అంటెనే," అన్నాడట. అట్లా ఒకటి, రెండు, నాలుగు రోజులు. ఉత్తరంలో ఇచ్చిన గడువు దాటిపోయింది. ఎవరూ రాలేదు. రాకపోవడం ఇంకా భయంగా ఉంది. ఏదో పెద్దది తయారవుతోందనుకున్నాం.

తొమ్మిదో రోజు పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని నా బల్ల ముందుకొచ్చాడు.

"నేను వకీలు కాడికే పోత సాబ్. కాళ్లు మొక్కుత. జైల్లేస్తె ఏస్తడు. గీడ గూసుంటె మా అన్న గట్లనే మురుగుతడు."

"నేనూ వస్తాను," అన్నాను. ధైర్యంతో అన్నానని అనుకోకండి. అతను ఒక్కడే వెళ్లి నా పేరు చెబుతాడేమోనని వెళ్లాను. మేనేజరు సైటులో ఉన్నాడు. బ్యాంకు పని అని పుస్తకంలో రాసి, మూడు ఉత్తరాలూ చొక్కా లోపల పెట్టుకుని బస్సెక్కాను. సిత్రా వంతెన దాటుతుంటే రెండు పక్కలా నీళ్లు, ఎదుట మనామా మేడలు. దారంతా అతను పెదవులు కదుపుతూ దువా చదువుకున్నాడు. నేను కూడా నాకొచ్చిందేదో చదువుకున్నాను, సగంలో మరిచిపోతూ.

వకీలు ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. మేం మెట్లెక్కాం, ఎందుకో తెలియదు. లోపల చల్లగా, అత్తరు వాసన. పెద్ద వకీలు లేడు. ముందుగదిలో టైపు మిషను ముందు ఒక మలయాళీ గుమస్తా కూర్చుని టీలో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాడు. మా ఉత్తరాలు చూపించి, హిందీలో, చేతులు కట్టుకుని, మా కథంతా చెప్పాను. అతను తినడం ఆపకుండానే విన్నాడు.

"ఇవి నేను టైపు చేసినవే," అన్నాడు. లేచి బీరువాలోంచి ఫైలు తీశాడు. అందులో పార్కింగు వాచ్‌మన్ చేత్తో రాసిన చీటీ ఉంది. "శుక్రవారం సాయంత్రం. తెల్ల పికప్పు."

"పికప్పా?" అన్నాడు డ్రైవరు. "నాది మినీబస్సు గద."

"శుక్రవారమా?" అన్నాను నేను. చేయి నలిగినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆదివారం పొద్దున. ప్రమాదం రిపోర్టు టైపు చేసింది నేనే. శుక్రవారం సాయంత్రం మా బండి క్యాంపు గేటు దాటితే అక్కడి వాచ్‌మన్ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం నా బల్లకు పది అడుగుల దూరంలో ఉంటుంది. ఉత్తరంలో తేదీ మూడుసార్లూ ఉంది. నేను ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు.

గుమస్తా చీటీని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదిగో. వాచ్‌మన్ బండి నంబరు అరబిక్ అంకెల్లో రాశాడు. రెండుకీ మూడుకీ తల మీద ఒక పన్ను తేడా, అంతే. ఇది మూడు. నేను రెండు అనుకుని మీ కంపెనీ పట్టుకున్నాను." పెన్ను తీసి ఫైలు మీద ఏదో గీశాడు. "అయిపోయింది. మీది కాదు."

మేమిద్దరం కదల్లేదు.

"ఇంకా ఏమిటి?"

"మరి ఎయిర్‌పోర్టులో ఇతని పేరు..." అన్నాను.

"ఏ పేరు?" ఉత్తరం తిప్పి చూపించాడు. "ఇందులో పేరెక్కడుంది? డ్రైవరు ఎవరో చెప్పమని మేమే మిమ్మల్ని అడిగాం. మాకే తెలియని పేరు ఎయిర్‌పోర్టుకి ఎట్లా తెలుస్తుంది? కోర్టుకే వెళ్లలేదు భాయ్, ఇది ఉత్తరం. రోజుకి ఇట్లాంటివి ఎన్నో కొడతాను. కాదనేవాళ్లు జవాబు రాస్తారు. ఇక్కడ రాసే ఉంది చూడు, అభ్యంతరం ఉంటే రాయండి అని. ఒక్క లైను రాసుంటే మొదటి వారమే తీసేసేవాణ్ణి." నా వేళ్ల వంక చూశాడు. "నువ్వూ టైపిస్టువేగా?"

అవునన్నాను. నేలలోకి కూరుకుపోవాలనిపించింది.

మెట్లు దిగుతుంటే డ్రైవరు మధ్యలో ఆగి గోడకు చేయి ఆనించాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "తొమ్మిది దినాలు," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

పాస్‌పోర్టు మేనేజరు దగ్గర ఇనప్పెట్టెలో ఉంది. కాబట్టి చెప్పక తప్పదు. ఆయన సైటు నుంచి తిరిగొచ్చేసరికి మేమిద్దరం ఆయన గది ముందు నిలబడి ఉన్నాం. మూడు ఉత్తరాలూ బల్ల మీద పెట్టి, తాళంచెవి కూడా పక్కన పెట్టి, మొత్తం చెప్పాను. ఆయన డ్రైవరుని ఒకే ఒక మాట అడిగాడు.

"నీ అన్న ఆసుపత్రిలో ఎన్ని రోజులనుంచి?"

"తొమ్మిది, సార్."

ఆయన లేచి ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టాడు. "యల్లా. బ్యాగు సర్దుకో. టికెట్ నేను చూస్తాను." అతను వెళ్లాక నా వైపు తిరిగాడు. "నన్ను చూసి భయపడ్డారా?"

"ఆ డ్రైవర్ని పంపేశారు కదా సార్..."

"వాడు తాగి, ఇరవైమందిని ఎక్కించుకుని నడిపాడు. అది చెప్పుకోవడం వాడికి సిగ్గని నేనెవరికీ చెప్పలేదు. నీ ఊళ్లో కాగితం ముక్కకి మనుషుల్ని వెళ్లగొడతారా?" గొంతు పెంచలేదు. "ఆ కాగితం ఎవరికి రాశారు? కంపెనీకి. అంటే నాకు. నా ఉత్తరం నువ్వు దాచావు, వాడి అన్న కాలు కుళ్లుతుంటే."

నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. దాన్ని నా చేతనే టైపు చేయించాడు. అందులో తప్పులేమీ దొర్లలేదు.

ఆ సాయంత్రమే డ్రైవరు బొంబాయి విమానం ఎక్కాడు. అధికారి పాస్‌పోర్టు మీద ముద్ర వేసి ముఖమైనా చూడలేదట.

నలభై రోజులకు తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడు సరుకులకు మనామా వెళ్తుంటే నేను అతని పక్క సీట్లో కూర్చున్నాను. మనామా అంచున జింజ్ పేట దాటాక అడిగాను.

"అన్న ఎట్లున్నాడు భాయ్?"

"బతికిండు సాబ్. మోకాలు మీదికెల్లి తీసిండ్రు." గేరు మార్చాడు. "ముందుగాలయితె పాదంతోనే అయిపోవునన్నరు. నేను పోయెటాల్లకు విషం పైకెక్కింది. మోకాలుంటె జైపూర్ కాలు పెట్టుకోని మంచిగ నడుస్తరంట. గిప్పుడు కట్టెల మీదనే."

లారీ ఇక నడపలేడు. అది అతను చెప్పలేదు. నేనే అర్థం చేసుకున్నాను.

ఇక ఆ మాట లోపల పెట్టుకోలేకపోయాను. "భాయ్, ఆ రోజు నిన్ను వద్దన్నది నీకోసం కాదు. నా ఉద్యోగం పోతుందని. సొరుగు బయటపడుతుందని."

"నాకెర్కే సాబ్."

నేను అతని వైపు తిరిగాను.

"వద్దన్నప్పుడు మీ చేతులు వణికినయ్. నా కోసమైతె మీ చేతులెందుకు వణుకుతయ్?"

"మరి తెలిసి కూడా ఎందుకాగావు?"

ఎదుట ఎర్ర దీపం పడింది. బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు.

"నాకు గూడ ఎయిర్‌పోర్టుకు పోవాల్నంటె కాళ్లు రాకుండె. మీరు వద్దన్నరు. అల్లా మీద ఒట్టు సాబ్, గా మాట ఇనంగనే పానం నిమ్మలమైంది. మా అన్న గట్ల పండుకోని ఉంటె, నాకు నిమ్మలమైంది." కళ్లు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చాడు. "గది మా అన్నకు జెప్పలే. మీకొక్కరికే జెప్తున్న."

పచ్చదీపం పడింది. వెనకాల బండ్లు హారన్లు కొడుతున్నాయి. అతను గేరు వేసి పోనిచ్చాడు.